తుపాను నెలని లెక్కలో పెట్టుకుని పెరడు, ఇల్లు సర్దుకోవడం (మన శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళ కోసం)

యూట్యూబ్‌లో కూరగాయల పెంపకం క్యాలెండర్లు చాలా ఉన్నాయి గానీ వాటిల్లో ఎక్కువ హైదరాబాద్ మేడల మీద కుండీలకో, బెంగళూరు చల్లదనానికో రాసినవి. అవి చూసి జూన్‌లో అన్నీ ఒకేసారి వేసీసి, అక్టోబర్‌లో పందిరితో సహా నేల మీద పడిపోతే ఏడవడం మన వైపు మామూలే. ఒకసారి తుపాన్ల తేదీలు చూడండి. పైలిన్ 2013 అక్టోబర్ 12, హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12, తిత్లీ 2018 అక్టోబర్ 11, గులాబ్ 2021 సెప్టెంబర్ 26. అంటే జూన్‌లో పెట్టిన పాదులు బాగా అల్లుకుని, ఇంటి పైకప్పు నాలుగు నెలల వానకి నాని, మనం దసరా పనుల్లో ఉన్నప్పుడే గాలి వస్తాది. ప్రతి ఏడూ రాదు నిజమే, కానీ రాదనుకుని పని చేసే ఏడాదే వస్తాది.

అందుకని నేను చెప్పేది ఒకటే, అక్టోబర్‌ని మధ్యలో పెట్టుకుని సంవత్సరాన్ని లెక్కేసుకోండి. సెప్టెంబర్ ఆఖరుకి కాపు అయిపోయేవి కొన్ని, గాలికి దొరక్కుండా నేల లోపల ఉండేవి కొన్ని, తుపాను భయం తగ్గాక వేసేవి కొన్ని. ఇంటి పని కూడా దీంతోనే కలిసిపోతాది, ఎందుకంటే పందిరికి వాడే వెదురు గెడలు, చూరు నీళ్ళు, పొయ్యి బూడిద, పశువుల పేడ అన్నీ ఇంటికీ పెరటికీ ఉమ్మడి సొత్తే.

రోహిణి కార్తెలో మొదలుపెట్టండి

మే 25 ప్రాంతంలో రోహిణి కార్తె వస్తాది, రోళ్ళు పగిలే ఎండ అంటారు కదా, ఆ ఎండని వాడుకోవాలి. పెరట్లో మట్టిని ఒక జానెడు లోతు తిరగేసి, గడ్డలు గడ్డలుగా ఎండకి వదిలీయండి. మట్టిలో దాక్కున్న పురుగుల కోశాలు, గడ్డి వేర్లు అన్నీ మాడిపోతాయి, పిట్టలు కూడా వచ్చి ఏరుకుంటాయి. తడిపి పల్చటి ప్లాస్టిక్ షీట్ కప్పి నాలుగు వారాలు ఉంచితే ఇంకా మంచిది, నారు పోసే మడికైనా ఈ పని చెయ్యండి, నారుకుళ్ళు చాలా మటుకు తగ్గుతాది.

మట్టి అందరికీ ఒకటి కాదు. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు ఉద్దానంలో ఇసుక నేల, పోసిన నీరు జల్లెడలోంచి పోయినట్టు పోతాది. అక్కడ మడి కింద ఒక అడుగు లోతులో కొబ్బరి డొక్కలు, పీచు పైకి ఉండేలా పరిచి, దాని మీద పేడ ఎరువు కలిపిన మట్టి వేసుకుంటే డొక్క నీళ్ళు పట్టి ఉంచుతాది, రెండు మూడేళ్ళ దాకా మళ్ళీ ముట్టుకోనక్కర్లేదు. విజయనగరం చుట్టుపక్కల ఎర్రనేల అయితే నీరు ఇంకుతాది గానీ బలం తక్కువ, చెరువు మట్టి దొరికితే బండెడు తోలించుకోండి. నాగావళి, వంశధార ఒడ్డు ఊళ్ళ వాళ్ళకి ఒండ్రు నేల, వాళ్ళకి నేల బెంగ లేదు, ముంపు బెంగే. వాళ్ళు మడులు నేలమట్టానికి కాకుండా ఒక అడుగు ఎత్తుగా పోసుకోవాలి, ఇది మాత్రం తప్పదు.

ఇదే వారంలో కప్పు చూసుకోవాలి. పెంకుటిల్లు అయితే పొద్దున్నే ఎండెక్కక ముందు ఇంట్లోకి వెళ్ళి, తలుపులు కిటికీలు మూసీసి, లైటు ఆపీసి పైకి చూడండి. ఎక్కడెక్కడ సన్నగా వెలుగు గీత కనిపిస్తాదో అక్కడ పెంకు జరిగినట్టు, లేకపోతే పగిలినట్టు. సుద్దముక్క గెడకి కట్టి కిందనుంచే ఆ వాసం మీద గుర్తు పెట్టండి. పైకెక్కే మనిషికి "అక్కడెక్కడో కారతంది" అని చెప్తే ఆయన పది పెంకులు తొక్కి ఇంకో నాలుగు పగలగొడతాడు, గుర్తు చూపిస్తే నేరుగా అక్కడికే వెళ్తాడు. కొప్పు మీద పెంకులకి సిమెంటు వదిలిందేమో చూడండి, గాలి మొదట పట్టుకునేది చూరునీ కొప్పునీ. నాటుపెంకు ఇప్పుడు కొత్తది దొరకడం కష్టం, ఊళ్ళో ఎవరైనా పాత ఇల్లు దింపుతున్నారంటే ఓ వంద పెంకులు అడిగి తెచ్చి గోడవారగా పేర్చుకోండి.

డాబా వాళ్ళు నీళ్ళు పోయే గొట్టాల దగ్గర చెత్త తీసీసి, నెర్రెలు ఉంటే ఇప్పుడే పూడ్చాలి, తడి మీద ఏ మందూ అతుక్కోదు. సున్నం కొట్టిస్తే ఎండ తిప్పికొడతాది, లోపల గది చల్లగా ఉంటాది. షాపు వాళ్ళు చెప్పే ఖరీదైన కోటింగుల జోలికి ముందే పోకండి. మొదట నెర్రె ఎక్కడో కనిపెట్టండి, చాలాసార్లు కారేది శ్లాబు కాదు, పిట్టగోడ శ్లాబుని కలిసే మూల.

చూరు నీళ్ళ సంగతి కూడా ఇప్పుడే. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు ఉన్న కప్పు మీద ఒక సెంటీమీటరు వాన పడితే 90 లీటర్లకి పైనే నీళ్ళు. అంటే చిన్న వరండా కప్పు రెండు మంచి జల్లులకే ఒక డ్రమ్ము నింపీగలదు. రేకు గొట్టం కట్టి డ్రమ్ములోకో గాబులోకో దింపండి. మొదటి వాన నీళ్ళు మాత్రం వదిలీయండి, పక్షి రెట్టలు, దుమ్ము అందులోనే ఉంటాయి. మూతకి బదులు పాత పంచె గుడ్డ బిగించి కట్టండి, దోమ గుడ్డు పెట్టిన దగ్గర్నించీ ఎగిరే దోమ అవ్వడానికి వారం పది రోజులు చాలు, డెంగ్యూ తెచ్చే దోమకి ఇలాంటి శుభ్రమైన నీళ్ళే ఇష్టం.

మృగశిర, ఆరుద్ర

జూన్ 8 ప్రాంతంలో మృగశిర. ఆ రోజు చేపల కూర తిన్నాక గింజల డబ్బా తీయండి. మొదటి వానకే ఆత్రపడి వెయ్యొద్దు, రెండు మంచి వానలు పడి, మట్టి పిడికిట్లో నొక్కితే ముద్దయ్యి, కిందకి వదిలితే విడిపోవాలి, అదే పదును.

సెప్టెంబర్ ఆఖరికి కాపు తీసీసుకోవాలంటే ముందు వెయ్యాల్సింది బెండ. గింజలు రాత్రంతా నానబెట్టి, వరసకీ వరసకీ అడుగున్నర, మొక్కకీ మొక్కకీ అడుగు దూరం పెట్టండి. నలభై అయిదు రోజులకి మొదటి కాయ. బెండకి మన దగ్గర పెద్ద గొడవ పల్లాకు తెగులు, ఆకు ఈనెలు పసుపెక్కి కాయ తెల్లబడిపోతాది, తెల్లదోమ మోస్తాది దాన్ని. వచ్చిన మొక్కకి మందు లేదు, పీకీసి దూరంగా పూడ్చడమే. అర్క అనామిక లాంటి తట్టుకునే రకాలు వేస్తే కొంత వరకు బాధ తప్పుతాది. గోరుచిక్కుడు, తోటకూర, గోంగూర, బీర, దోస కూడా ఈ జట్టులోవే. బీరకి యాభై అరవై రోజులు, ఆనపకి రెండు నెలలు వేసుకోండి, అంటే జూన్ మధ్యలో పెడితే ఆగస్టు అంతా తినొచ్చు, పక్కింటికి పంచొచ్చు, సెప్టెంబర్ ఆఖరుకి పాదు అలిసిపోతాది, అప్పుడు కోసీసినా మనసు నొప్పెట్టదు. ఆనపని ఆగస్టులో పెట్టి అక్టోబర్ కాపు కోసం ఎదురుచూడ్డం మాత్రం మన జిల్లాల్లో జూదమే.

రెండో జట్టు నేల లోపలివి. కంద, చామ, పెండలం, అల్లం, పసుపు. కంద మే, జూన్‌లో పెడితే సంక్రాంతి దాటాక తవ్వుతాం, మధ్యలో గాలికి పైన కాడ పడిపోయినా దుంప ఎక్కడికీ పోదు. చామ అయితే నీళ్ళు నిలిచే మూలన, స్నానాల గది నీళ్ళు పోయే కాలవ పక్కన పెట్టండి, దానికి అక్కడే ఇష్టం. పెండలం, అల్లం విత్తనానికి సాలూరు, పార్వతీపురం వైపు సంతలకి వెళ్తే కొండల మీదనుంచి దింపుతారు, గట్టిగా, కన్ను కనిపించేవి ఏరుకోవాలి. చిలగడదుంప తీగ నేల మీదే పాకుతాది కాబట్టి గాలికి బెంగ లేదు, కానీ నీళ్ళు నిలిస్తే కుళ్ళుతాది, అందుకని ఎత్తు బోదె మీదే. కంద పక్కనే దడికి బచ్చలి పాకించండి, కంద బచ్చలి కూరకి రెండూ చేతికి అందుతాయి, తుపాను అయ్యాక సంతలో కూరగాయల రేట్లు మండిపోయేప్పుడు మన గిన్నెలో ఉండేవి ఇవే.

పందిరి చిక్కుడు గురించి ఒక మాట. మీరు జూన్‌లో వేసినా జులైలో వేసినా అది పగలు పొట్టిదయ్యే దాకా పూత పెట్టదు, పాత రకాల స్వభావమే అంత. అందుకని ఆగస్టులో "ఆకే ఉంది, పువ్వు లేదు" అని పీకీకండి. దసరా దాటాక పూత మొదలై సంక్రాంతికి గుత్తులు గుత్తులు కాస్తాది. ఇది ఒక్కటే తుపానుకి ఎదురు నిలబడాల్సిన పాదు, దాని పందిరే గట్టిగా వెయ్యాలి.

పందిరి ఎత్తు ఆరడుగులు దాటించొద్దు. ఇంటికి రెండు మూడు అడుగులు ఎడంగా ఉండాలి, కిటికీకి చూరుకి ఆనించి వేస్తే తీగ పట్టుకుని ఎలకలు, దాని వెనక పాములు ఇంట్లోకి దారి చేసుకుంటాయి. గెడలు కొన్నాక రెండు వారాలు చెరువులోనో గాబులోనో ముంచి ఉంచితే అందులో ఉండే పిండి పదార్థం పోయి పురుగు తొందరగా పట్టదు. నేలలో దిగే రెండడుగుల భాగానికి జీడిపిక్కల తొక్క నూనె పూయండి, పలాస వైపు జీడి పరిశ్రమల దగ్గర దొరుకుతాది, చెదలు దాని దరికి రావు, ఇంటి వాసాలకీ తలుపు చట్రాలకీ కూడా ఇదే. చేతికి తగిలితే బొబ్బలెక్కిపోతాది, కంట్లో పడితే మరీ ప్రమాదం, కర్రకి గుడ్డ చుట్టి పూయండి, పిల్లల్ని ఆ చుట్టుపక్కలకి రానివ్వొద్దు.

నాలుగు మూలల గెడలకి అడుగున ఏటవాలుగా ఊతకర్ర కొట్టండి. పైన అల్లిక కొబ్బరి తాడుతో అల్లి, నాలుగు అంచుల దగ్గర మాత్రం ముడి జారుముడి వెయ్యండి. ఎందుకో తర్వాత చెప్తాను.

వానలు దిగాక

జులై, ఆగస్టుల్లో పని అంతా నీటిని బయటకి పంపడమే. మిరప, టమాటా, బొప్పాయి మొదళ్ళలో నీళ్ళు ఒక రోజు నిలిచినా వడలిపోతాయి, వాటి చుట్టూ మట్టి ఎగదోసి కాలవ తీయండి. ఆ కాలవ చివర చామ మడి ఉంటే ఇంకా లాభం.

పాదులకి పిందె నిలవట్లేదు అని చాలామంది అడుగుతారు, ఎరువు వేస్తూనే ఉంటారు. ఎరువు కాదు, ఈగలు, తేనెటీగలు రాక. ముసురు పట్టిన రోజుల్లో అవి తిరగవు. ఆనప పువ్వు, బీర పువ్వు సాయంత్రం విచ్చుకుంటాయి, గుమ్మడి, కాకర, దోస పొద్దున్నే. ఆనప పాదు దగ్గరికి దీపాలు పెట్టే వేళకి వెళ్ళండి. పొడవాటి సన్న కాడ మీద నిటారుగా నిలబడేది మగ పువ్వు. పువ్వు కింద వేలెడంత పచ్చటి బుడిపె, దాని మీద నూగు ఉంటాది చూడండి, అది ఆడ పువ్వు, ఆ బుడిపే పిందె. మగ పువ్వుని తెంపి, తెల్ల రేకులు వెనక్కి ఒలిచీసి, మధ్యలో పసుపు పొడి ఉన్న బొడ్డుని ఆడ పువ్వు మధ్యలో ఉన్న బొడ్డుకి మెల్లగా రాయండి, రాస్తే పొడి అంటుకోవడం కంటికి కనిపిస్తాది. వాన పడేలా ఉంటే ఒక ఆకు మడిచి గొడుగులా పువ్వు మీద పెట్టి ఈనె పుల్ల గుచ్చండి. నాలుగు రోజులకి పిందె కిందకి వంగి లావెక్కిందంటే నిలిచినట్టే, పసుపెక్కి ముడుచుకుంటే పోయినట్టు.

బీరకాయ, కాకరకాయ వంకర తిరిగి పసుపెక్కి, కోస్తే లోపల తెల్ల పురుగులు కనిపిస్తే అది పండు ఈగ. ఆ కాయల్ని పాదు కిందే పడేస్తే ఆ పురుగు మట్టిలోకి దిగి మళ్ళీ ఈగై వస్తాది, అందుకని ఏరి నీళ్ళ బకెట్లో ముంచి, తర్వాత లోతుగా పూడ్చండి. క్యూ ల్యూర్ బుట్టలు (వాసనతో మగ ఈగల్ని లాగి పట్టేవి) ఎరువుల షాపుల్లో అమ్ముతారు, పెరటికి ఒకటి రెండు చాలు. లేతప్పుడే పిందెకి న్యూస్‌పేపర్ గొట్టంలా చుట్టేది మా అత్తమ్మ, దానికి ఖర్చేం లేదు.

వంకాయకి కొమ్మ, కాయ తొలుచు పురుగు. లేత చిగురు తల వాల్చిందంటే లోపల పురుగు ఉంది, ఒక అంగుళం కిందకి తుంచీసి ఆ ముక్క నలిపీయాలి. పేనుబంకకి పొద్దున్నే మంచు తడి మీద జల్లించిన బూడిద చల్లండి. వేపగింజల కషాయం అయితే లీటరుకి 50 గ్రాముల పప్పు, కచ్చాపచ్చాగా దంచి గుడ్డలో మూటకట్టి రాత్రంతా నానబెట్టి, పిండి, కాస్త సబ్బు నీళ్ళు కలిపి సాయంత్రం కొట్టాలి, ఎండలో కొడితే దాని పని ఉండదు. జీవామృతం గురించి పెద్ద పెద్ద లెక్కలు చెప్తారు గానీ ఇంటి పెరటికి ఇరవై లీటర్ల బకెట్ నీళ్ళు చాలు. కేజీ పేడ, లీటరు ఆవు మూత్రం, 200 గ్రాముల బెల్లం, 200 గ్రాముల శనగపిండి, గట్టు మీది గుప్పెడు మట్టి, నీడలో రెండు రోజులు, రోజుకి రెండుసార్లు కర్రతో తిప్పడం. పదింతల నీళ్ళు కలిపి మొదళ్ళలో పొయ్యండి. తెగులు అర్థం కాకపోతే ఆకు కవర్లో పెట్టుకుని ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రానికో, ఊళ్ళో రైతు సేవా కేంద్రానికో వెళ్ళండి, మందుల షాపు అబ్బాయి ముందు ఖరీదైన సీసాయే చూపిస్తాడు.

ఇంట్లో ఈ నెలల్లో చూసుకోవాల్సింది తేమ ఒక్కటే. పప్పులు, చింతపండు నేలకి ఆనకుండా బల్ల మీద పెట్టండి, ఎండ కాసిన ప్రతి పూటా పరుపులు బయటపెట్టండి. అంతకన్నా పెద్ద రహస్యమేం లేదు.

హస్త, చిత్త: గాలి నెల

సెప్టెంబర్ 27 దగ్గర హస్త, అక్టోబర్ 10 దగ్గర చిత్త. వాతావరణ శాఖ వాళ్ళు బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న రోజునించీ మనకి మామూలుగా మూడు నాలుగు రోజులు టైం ఉంటాది, కళింగపట్నం పోర్టులో ఎన్నో నంబర్ హెచ్చరిక ఎగరేశారో వార్తల్లో చెప్తారు, ఆ నంబర్ పెరుగుతున్న కొద్దీ పని వేగం పెంచాలి. ఆ టైం సరిపోవాలంటే కొన్ని పనులు సెప్టెంబర్ మూడో వారానికే అయిపోవాలి.

మునగ చెట్టుని ఆగస్టు ఆఖరికే అయిదడుగుల ఎత్తుకి నరికీయండి, దాని చెక్క ఉత్త బెండు, ఎలాగూ విరుగుతాది, విరిగి రేకుల మీద పడేకంటే మనం నరికితే కొత్త చిగుళ్ళొచ్చి ఫిబ్రవరికి కాయలిస్తాది. కొబ్బరి చెట్లకి ఎండు కమ్మలు, ముదిరిన కాయలు దింపించండి, గాలికి ఎగిరే కాయ మామూలు దెబ్బ కొట్టదు. అరటికి గెల ముదిరితే కోసీసుకోండి, ముదరకపోతే రెండు గెడలు ఎక్స్ ఆకారంలో ఊతం పెట్టి, కింది ఆకులు కొట్టీయండి, ఆకు తగ్గితే గాలి పట్టు తగ్గుతాది. కరెంటు తీగకి తగిలే కొమ్మలు మీరు ముట్టుకోవద్దు, లైన్‌మన్‌కి ముందే చెప్పి పెట్టుకోండి, హెచ్చరిక వచ్చాక ఆయన దొరకడు.

ఇప్పుడు జారుముడి సంగతి. గాలి రేపు అన్నప్పుడు అంచుల ముడులు లాగీసి, పందిరి అల్లికని తీగతో సహా మెల్లగా నేల మీదకి దింపీయండి, పైన రెండు మూడు పాత తాటికమ్మలు అడ్డంగా వేసి ఇటుకలు పెట్టండి. చిక్కుడు తీగ కొంత నలుగుతాది, కానీ మొదలు తెగదు. గాలి వెళ్ళాక మళ్ళీ పైకి ఎత్తి కడితే వారంలో చిగురేస్తాది. నిలబెట్టి వదిలితే మాత్రం పందిరంతా తెరచాప అయిపోయి వేర్లతో లేచొస్తాది. మా అత్తమ్మ అయితే టీవీలో వార్త చదవడం అయ్యే లోపే మొదలెట్టీది, "వోలమ్మ, గెడలు ఇప్పుడే దింపీయండే, రేత్రి గాలొస్తే ఎవులు దింపుతారు" అని.

శీతాకాలం నారు ఇక్కడే తెలివిగా పొయ్యాలి. క్యాబేజీ, కాలీఫ్లవర్, టమాటా, వంగ, మిరప నారు సెప్టెంబర్ ఆఖరులో మడిలో కాదు, పాత బేసిన్లలో, థర్మాకోల్ పెట్టెల్లో, ట్రేలలో పొయ్యండి, అడుగున చిల్లులు మర్చిపోవద్దు. సగం పేడ ఎరువు, సగం మట్టి, కాస్త ఇసుక, చెంచాడు ట్రైకోడెర్మా (నారుకుళ్ళుని ఆపే మంచి బూజు పొడి). గాలి వస్తే ఎత్తుకొచ్చి మంచం కింద పెట్టీయొచ్చు, పోయాక మళ్ళీ ఎండలోకి. చుట్టుపక్కల నారంతా కొట్టుకుపోయిన ఏడాది మీ ఇంటికి కట్ట రెండింతల రేటుకి అడుగుతూ వస్తారు.

ఇంటికి చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. రేకుల షెడ్డు ఉంటే రేకుల్ని పట్టి ఉంచే జే బోల్టులు వదిలాయేమో చూసి బిగించి, మీద అడ్డంగా ఇసుక బస్తాలు తాడుతో జతలు జతలుగా కట్టి రెండువైపులా వేలాడదీయండి. తలుపు గొళ్ళాలు, కిటికీ కొక్కేలు బాగుచెయ్యండి. పత్రాలు, ఆధార్, పాస్‌బుక్కులు, భూమి కాగితాలు రెండు కవర్లలో చుట్టి స్టీలు డబ్బాలో. తాగే నీళ్ళు మనిషికి రోజుకి నాలుగైదు లీటర్ల లెక్కన వారానికి సరిపడా బిందెలు, క్యాన్‌లు నింపుకోండి, ట్యాంకు పైదాకా నింపితే నీళ్ళూ ఉంటాయి, బరువుకి ట్యాంకూ ఎగరదు. తిత్లీ తర్వాత ఉద్దానం ఊళ్ళల్లో రోజుల తరబడి కరెంటు లేదు, మోటార్లు తిరగవు, సెల్‌ఫోన్ టవర్లు పనిచెయ్యవు. అందుకని పవర్ బ్యాంకు, చేతి బోరు ఎక్కడుందో తెలిసి ఉండడం, అగ్గిపెట్టె ప్లాస్టిక్ డబ్బాలో ఉండడం, ఇవి చిన్నవి కావు. అటుకులు, బెల్లం, చోడి పిండి, ఎండు చేపలు, వడియాలు, ఉలవలు ఉంటే పొయ్యి ఒక పూటే వెలిగినా గడిచిపోతాది. మట్టిగోడల ఇల్లయితే, సముద్రానికి దగ్గరయితే ఇవన్నీ చేసి కూడా ఇంట్లో ఉండొద్దు, తుపాను షెల్టర్‌కో స్కూలుకో వెళ్ళండి, పశువుల్ని కట్టుతాడు విప్పి వదిలి వెళ్ళండి. గాలి మధ్యలో ఆగిపోయినట్టు అనిపిస్తే బయటకి రావద్దు, అది తుపాను కన్ను, అంటే నడిమధ్య గాలి లేని చోటు, మన మీదుగా దాటడం అయితే కాసేపట్లో ఎదురు వైపునించి మళ్ళీ కొడతాది.

విత్తనాలు ఎప్పుడూ రెండు చోట్ల పెట్టండి. ఒక డబ్బా మీ ఇంట్లో, ఒక డబ్బా వేరే ఊళ్ళో చుట్టాలింట్లో. బూడిద కలిపి సీసాలో, మూత చుట్టూ మైనం.

గాలి వెళ్ళాక మొదటి పని పెరడు కాదు, తీగలు. నేల మీద పడ్డ కరెంటు తీగ ఏదీ చచ్చిపోయిందనుకోవద్దు. నుయ్యి మునిగితే నీళ్ళు తోడించి బ్లీచింగ్ వేసే దాకా మరగకాచి తాగాలి. కూలిన పెంకులు, చెత్త గుట్టలు చేత్తో ఎత్తొద్దు, కర్రతో కదపండి, పాములు అక్కడికే చేరతాయి, కరిస్తే కట్టు, కోత, నాటు మందు ఏమీ వద్దు, 108.

ఆ తర్వాత పెరడు. సముద్రం గాలికి ఆకుల మీద ఉప్పు పేరుకుంటాది, తీరం ఊళ్ళ వాళ్ళు మంచినీళ్ళతో మొక్కల్ని కడగాలి. మడిలోకి ఉప్పునీరే వచ్చి ఉంటే చిక్కుడు, బీన్స్ లాంటివి అక్కడ ఈ ఏడు వెయ్యొద్దు, వానకి రెండు మూడుసార్లు కడిగాక పాలకూరతో మొదలెట్టి చూడండి. వంగిన వంగ, మిరప మొక్కల్ని అదే రోజు నిలబెట్టి మొదట్లో మట్టి ఎగదోస్తే బతుకుతాయి, రెండు రోజులాగితే వేరు ఎండిపోతాది. ఖాళీ మడిలో వెంటనే తోటకూర, మెంతికూర చల్లీయండి, ఇరవై అయిదు ముప్పై రోజుల్లో కూర. పడిపోయిన కొబ్బరి కమ్మల్ని తగలబెట్టొద్దు, ఈనెలు తీసి చీపుర్లు, ఆకు నరికి మల్చింగ్, కమ్మ మట్ట దడికి.

దీపావళి తర్వాత

నాగులచవితి వెళ్ళాక నేల ఆరడం మొదలవుతాది, అసలు మన పెరడు అందంగా ఉండేది అప్పుడే. ట్రేలో నారు ఇప్పుడు మడిలోకి. టమాటా నారు నెల రోజులది, వంగ నెల దాటినది, మిరప నలభై రోజులది ఉండాలి, సాయంత్రం నాటి రెండు రోజులు కొబ్బరాకు నీడ పెట్టండి. ముల్లంగి నేరుగా గింజ వెయ్యాలి, పీకి నాటితే దుంప చీలిపోతాది. కొత్తిమీరకి దనియాలు చెప్పుతో నలిపి రెండు బద్దలు చేసి చల్లండి, మొలక సమంగా వస్తాది. డిసెంబర్ మొదటి వారం దాకా బంగాళాఖాతాన్ని పూర్తిగా నమ్మలేం గానీ, మడిలో ఉండేవన్నీ పొట్టి మొక్కలే కాబట్టి పర్లేదు.

సంక్రాంతికి ఇల్లు ఎలాగూ దులుపుతాం కదా, గోడల మీద వాన మరకలు ఎక్కడున్నాయో సున్నం కొట్టే ముందు ఒక ఫోటో తీసి పెట్టుకోండి. సున్నం కొట్టీశాక మరక కనిపించదు, మే నెలలో పెంకు ఎక్కడ సర్దాలో ఆ ఫోటోయే చెప్తాది. ఇంకోటి, భోగి ముందు రాత్రి కుర్రగుంటలు ఊరంతా కర్రలు ఎత్తుకుపోతారు, వాళ్ళకి మీ పందిరి గెడలు మంటలో బాగా కనిపిస్తాయి, ఖాళీ గెడలన్నీ ఇంట్లో పెట్టీసుకుని పాత దడికర్రలు, విరిగిన తలుపు ముక్క మీరే ముందు ఇచ్చీయండి, గొడవ ఉండదు.

ఎండాకాలం

ఫిబ్రవరి ఆఖరికి కాపు తగ్గుతాది, నీళ్ళూ తగ్గుతాయి. మడులు తగ్గించీయండి, సగం పెరటికి నీళ్ళు చాలకపోతే సగంలోనే పండించండి. తోటకూర, గోంగూర, బెండ, దోస ఎండకి ఆగుతాయి. మొదళ్ళలో వరిగడ్డి నాలుగు వేళ్ళ మందాన పరచండి, బియ్యం కడిగిన నీళ్ళు, కూరగాయలు కడిగిన నీళ్ళు అక్కడికే, సబ్బు నీళ్ళు మాత్రం అరటికి. నీళ్ళు సాయంత్రమే పొయ్యండి.

బూడిద గుమ్మడి వడియాలు, మజ్జిగ మిరపకాయలు ఈ ఎండలోనే అయిపోవాలి, అక్టోబర్ సరుకు ఇక్కడినుంచే తయారవుతాది. తాటాకు ఇళ్ళ వాళ్ళు పొయ్యి దగ్గర తడిక లేకుండా చూసుకుని చూరు కింద రెండు నీళ్ళ బానలు, ఒక ఇసుక బకెట్టు పెట్టుకోండి, మన ఊళ్ళల్లో వేసవిలో ఒక ఇంటికి అంటుకుంటే వీధంతా పోయిన సంగతులు అందరికీ తెలిసినవే.

గింజకి వదిలిన ఆనపకాయ, బీరకాయ తొడిమ ఎండి, ఊపితే లోపల గలగల అనేదాకా పాదు మీదే ఉంచండి. ఆనపకాయ గింజ తీసేముందు పచ్చిగా ఉన్నప్పుడే అదే పాదులో ఇంకో కాయ చిన్న ముక్క నాలిక మీద పెట్టి చూడండి, చేదుగా ఉంటే ఆ పాదు గింజ వద్దు, ఆ కాయ కూర అసలే వద్దు, చేదు ఆనపకాయ తిని ఆసుపత్రి పాలైన వాళ్ళున్నారు. కొత్త గెడలు కావాలంటే మార్చిలోనే సంతలో కొనీయండి, జూన్ వస్తే అందరికీ ఒకేసారి కావాలి కాబట్టి రేటు ఎక్కిపోతాది. తెచ్చాక నేల మీద పడెయ్యకుండా చూరు కింద రెండు తాళ్ళ ఉయ్యాల్లో అడ్డంగా వేలాడదీయండి, నేలకి ఆనితే నెల తిరక్కుండా చెదలే.